పెరట్లోకి పిట్టలు వస్తే లాభమా, కాయలకు నష్టమా?

పెరట్లో నీళ్లు, గింజలు పెట్టి పిట్టలను రప్పిస్తే నిజంగా ఉపయోగం ఉందా, లేక ఉన్న నాలుగు జామకాయలూ వాటి పాలవుతాయా అని అడిగారు. రెండూ జరుగుతాయండి. కాయలు కొన్ని పోతాయి, ముందే చెబుతున్నా.

మాది కావలి. ఆరు సెంట్లలో ఇల్లు పోను మిగిలిన పెరట్లో జామ, మునగ, కరివేపాకు, మందారం, కొన్ని వంగ మొక్కలు ఉన్నాయి. ఒకప్పుడు పురుగు కనబడితే చాలు, మందు కొట్టేవాణ్ణి. ఒకసారి పురుగుమందుల షాపులో మోనోక్రోటోఫాస్ అనే మందు సీసా చేతిలో పెట్టారు. కూరగాయల మీద దాన్ని వాడకూడదని 2005లోనే నిషేధించారని అప్పటికి నాకు తెలియదు. వంగకు కొట్టిన మర్నాడు పొద్దున చూస్తే మొక్కల మొదట్లో ఒక గోరింక కాళ్లు ముడుచుకుని పడి ఉంది. పిల్లలు లేవకముందే గొయ్యి తీసి పూడ్చేశాను. ఆ సీసా మళ్లీ ముట్టలేదు.

మందు మానేసిన మొదటి ఏడాది పురుగు బాగా ఇబ్బంది పెట్టింది. తర్వాత నెమ్మదిగా పిట్టలు వచ్చాయి. కరివేపాకు మీద ఒక పురుగు ఉంటుంది, చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారి రెమ్మలు రెమ్మలే నమిలేస్తుంది. మా వంగ ఆకులను కలిపి కుట్టి గూడు కట్టుకున్న దర్జీ పిట్ట ఒకటి ఆ చెట్టుకీ గూటికీ మధ్య పొద్దంతా తిరిగేది. ముక్కులో ఏదో పచ్చగా వేలాడుతుండేది. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే. సాయంత్రమైతే కరెంటు తీగ మీద పసులపోలిగాడు కూర్చుని ఎగిరే పురుగులను పట్టుకుంటుంది. మందారానికి తేనెపిట్టలు సరేసరి.

అలాగని అన్నీ అవే చూసుకుంటాయని అనుకోకండి. వంకాయ లోపలికి దూరిన పురుగును ఏ పిట్టా ఏమీ చేయలేదు. ఆ కాయలు కోసి పారేయాల్సిందే. పిండినల్లి సంగతీ మనమే చూసుకోవాలి.

రెట్టల గురించి కొందరు విసుక్కుంటారు. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం (2022 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా) చుట్టుపక్కల రైతులనడగండి, పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమంటారు. మా ఇంట్లో మాత్రం ఆ రెట్టల వల్ల ప్రహరీ గోడ పగుల్లో రావి మొక్క మొలిచింది. చిన్నగా ఉన్నప్పుడే పీకకపోతే గోడకే ఎసరు. పిగిలిపిట్టలు కరివేప పండ్లు తిని పడేసిన గింజలతో గోడ వారన మొలకలు కూడా వచ్చాయి, వాటిని పక్కింటివాళ్లకు పంచాం.

ఇక ఏం పెట్టాలంటే, ముందు నీళ్లు. రోహిణి కార్తె ఎండల్లో గింజల కన్నా నీళ్లకే ఎక్కువ వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు అంగుళాల లోతుకు మించకుండా పోసి, మధ్యలో ఒక రాయి పెట్టండి, చిన్న పిట్టలు దాని మీద నిలబడతాయి. రోజూ పారబోసి కడగాలి, లేకపోతే దోమలను పెంచినట్టే. పిల్లులు తిరిగే చోటైతే గోడ మీద పెట్టండి.

గింజలు మాత్రం గుప్పెడు చాలు. కుప్ప పోస్తే పావురాలు దిగి మిగతావాటిని రానివ్వవు, పైగా వాటి రెట్టల దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మేం కోతలప్పుడు ఊరి నుంచి తెచ్చిన వరి కంకులను కుచ్చుగా కట్టి వరండాలో వేలాడదీస్తాం. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ ఒలుచుకుని తింటుంటే చూడాలి, మా అమ్మకు టీవీ అక్కర్లేదు. పిచ్చుకకు గూడు పెట్టాలనుకుంటే అట్టపెట్టెకు అంగుళంపావు రంధ్రం చేసి చూరు కింద, ఫ్యాన్లకు దూరంగా కట్టండి.

జామకాయల సంగతి అడిగారు కదా, కింది కొమ్మల కాయలకు పాత చీర గుడ్డతో చిన్న సంచులు కుట్టి తొడిగాం. పై కొమ్మలవి చిలకలకు వదిలేశాం, ఎలాగూ మాకు అందవు.