ధ్రువమా, ధృవమా?

సందేహం: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. పరమాణు కేంద్రకాల మీద తెలుగులో వ్యాసం రాస్తూ ‘అయస్కాంత ద్విధృవ ఉత్తేజితాలు’ అని పెట్టింది. ‘ఉద్రేకాలు’ అంటే బాగుంటుందేమో అన్నాను. అందులోనే ‘కర్తరీ విధానం’ అని ఇంకో మాట ఉంది. ఏవి సరైనవి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: ముందు ధృవం సంగతి తేల్చేద్దామమ్మా. అది ‘ధ్రువం’. ధకు క్రావడి ఇచ్చి కొమ్ము పెట్టాలి, వట్రుసుడి కాదు. మన నోట్లో రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి చేయి తడబడుతుంది. స్థిరంగా ఉండటమనే అర్థమున్న ‘ధ్రు’ ధాతువు నుంచి ధ్రువుడు, ధ్రువతార వచ్చాయి. పట్టి నిలపడమనే ‘ధృ’ నుంచి వచ్చినవి ధృతి, ధృతరాష్ట్రుడు. శ్రుతిని ‘శృతి’ చేయడమూ ఇలాంటి పొరపాటే. మా మనవరాలి జనన ధ్రువీకరణ పత్రం మీద కూడా ‘ధృవీకరణ’ అనే అచ్చయింది. కౌంటర్లో చెబితే “సిస్టమ్‌లో అలాగే ఉంది మాస్టారూ” అన్నారు!

‘ఉత్తేజితం’ విశేషణం. శక్తి పుంజుకున్న కేంద్రకం ఉత్తేజిత కేంద్రకం. అలా పుంజుకోవడం ఉత్తేజనం. కాబట్టి ‘ఉత్తేజనాలు’ అనాలి. ఉద్రేకం మనుషులకు వదిలేద్దాం. కేంద్రకం ఓ గామా కిరణాన్ని వదిలేసి మామూలు స్థితికి వచ్చేస్తుంది, మనం అంత తేలిగ్గా రాలేం. గుణసంధి చేసి ‘ద్విధ్రువోత్తేజనం’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, చదివేవాళ్ల ఊపిరి ఒప్పుకోదు. విడదీసే రాయమనండి.

ఇక కర్తరి. స్వామి జ్ఞానానంద పేరిట న్యూక్లియర్ పరిశోధనశాల ఉన్న ఊరు కదా మనది, అడగడానికి మనుషులకు కొదవలేదు. రిటైరైన ఓ ఫిజిక్స్ మాస్టారు రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూపించారు. కొన్ని కేంద్రకాలు గుండ్రంగా కాక కాస్త సాగినట్టుంటాయి. వాటిలో ప్రోటాన్ల గుంపు ఒక వైపు తిరిగితే న్యూట్రాన్ల గుంపు ఎదురు వైపు తిరుగుతుంది, కత్తెర రెక్కల్లాగా. విద్యుదావేశమున్న ప్రోటాన్లు అలా ఊగడం వల్ల అయస్కాంత ప్రభావం పుడుతుంది. 1978లో సిద్ధాంతరీత్యా ఊహించిన ఈ కదలికను 1984లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కనిపెట్టారు. గెడోలినియం-156 అనే లోహపు కేంద్రకాల మీదికి ఎలక్ట్రాన్లను పంపితే, సుమారు 3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర అది బయటపడింది.

దాన్ని ఇంగ్లిషులో ‘సిజర్స్ మోడ్’ అంటారు. మనకు కత్తెర ఉండగా కర్తరి ఎందుకు? సంస్కృత కర్తరే తెలుగులో కత్తెర అయింది, నిజమే. కానీ కర్తరి అనగానే బడిపిల్లలకు కర్తరి ప్రయోగం గుర్తొస్తుంది, మనలాంటివాళ్లకు మే నెల ఎండ, ఆ ఉక్కపోత గుర్తొస్తాయి. ‘విధానం’ కూడా కుదరదు. అది మనం ఎంచుకుని చేసే పద్ధతి. ఇక్కడున్నది కదిలే తీరు కనక, ‘కత్తెర రీతి’ అంటే చాలు.