బొబ్బిలి రౌతులు 1/72లో: తలపాగా కంటే ముందు గుర్రాన్ని మార్చండి

మీరు అడిగింది ఇదీ: 1757 బొబ్బిలి యుద్ధం డయోరమా (బొమ్మలతో పేర్చే దృశ్యం) కోసం గుర్రపు రౌతులు కావాలి. రెడీమేడ్‌గా దొరకడం లేదు. చేతిలో నెపోలియన్ కాలపు హుస్సార్ల (యూరప్ తేలిక రౌతుల) పెట్టె ఒకటి, టర్కీ సిపాహీల (అక్కడి గుర్రపు సైనికుల) పెట్టె ఒకటి ఉన్నాయి, రెండూ 1/72 (అసలు కొలతలో 72వ వంతు) మెత్త ప్లాస్టిక్. తలపాగా అతికిస్తే మనవాళ్లలా కనబడటం లేదు, అతికించినవి ఊడిపోతున్నాయి, రంగు పెచ్చులుగా లేస్తోంది. ఇంట్లో పాత సీసపు రౌతులు రెండున్నాయి, వాటినీ మార్చొచ్చా?

తలపాగా ఆఖరి పని. రౌతు మన మనిషిలా కనబడకపోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం కింద ఉన్న గుర్రం: దాని ఎత్తు, జీను, తోక. ముందు అది సరిచేసుకుంటే పై మనిషికి పెద్దగా చేయాల్సిందేమీ ఉండదు.

ఎంతమంది కావాలో మొదట తేల్చుకోండి. ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట వచ్చిన 750 మంది యూరోపియన్లలో 250 మంది గుర్రాల మీద ఉన్నవాళ్లని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రలో లెక్క ఉంది. ఒక బొమ్మకు 20 మంది అనుకుంటే 12 బొమ్మలు చాలు. 1/72 అశ్వదళం పెట్టెల్లో మామూలుగా 12 నుంచి 18 గుర్రాలు వస్తాయి కాబట్టి ఒక్క పెట్టెతో ఆ దళం అయిపోతుంది. అయితే మీ దగ్గరున్న హుస్సార్ల తలలు దానికి పనికిరావు. ముందు అంచున్న గట్టి షాకో టోపీ 1757 నాటికి ఇంకా రాలేదు. యూరోపియన్ దళానికి రెవెల్ కంపెనీ వాళ్ల ఏడేళ్ల యుద్ధం పెట్టెల్లోని హుస్సార్లు, డ్రాగూన్లు (మరో రకం యూరప్ రౌతులు) దగ్గరగా ఉంటారు. బుస్సీతో కలిసిన విజయనగరం రాజు విజయరామరాజు వైపు రౌతులకు మీ సిపాహీలు మంచి మొదలు. ఇంకా కావాలంటే వేరే కంపెనీల పెట్టెలు, జ్వెజ్దా మంగోలులు, ఇటాలెరీ సారసెన్లు, హ్యాట్ మామ్లూకులు చూడండి. బొబ్బిలి వైపు మాత్రం గుర్రాలు ఎక్కువ పెట్టకండి. అది కోట మీద జరిగిన యుద్ధం, కాలిబలానిదే పని. గుర్రాలు కోట బయట చుట్టూ ఉండటమే సబబు. కాబట్టి దౌడు తీసే గుర్రాల కంటే నిలబడినవి, నడిచేవి ఏరుకోండి.

ఇక ఎత్తు. గుర్రం ఎత్తును మెడ, వీపు కలిసే మూపు దగ్గర కొలుస్తారు. లెక్క హ్యాండ్లలో, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14 హ్యాండ్ల గుర్రం 142 సెంటీమీటర్లు, అది 1/72లో 19.7 మిల్లీమీటర్లు. 16 హ్యాండ్లది 162.5 సెంటీమీటర్లు, అంటే 22.6 మిల్లీమీటర్లు. తేడా 3 మిల్లీమీటర్లే అయినా పక్కపక్కన పెడితే కంటికి కొట్టినట్టు తెలుస్తుంది. స్కేలు పెట్టి గిట్ట నుంచి మూపు వరకు కొలవండి, కింద ఉన్న ప్లాస్టిక్ పీఠం మందం కలపొద్దు. 20 దాటని గుర్రాలను మన రౌతులకు, పెద్దవాటిని యూరోపియన్లకు ఇవ్వండి. కాళ్లు కోసి పొట్టి చేయడం 28 మిల్లీమీటర్ల మనిషి ఉండే పెద్ద సైజు గట్టి ప్లాస్టిక్ బొమ్మల్లో కుదురుతుంది గానీ 1/72లో కాలు మందమే ఒక మిల్లీమీటరు, అతుకు నిలవదు. మంగోలు గుర్రాలు పొట్టివి కాబట్టి పెట్టెలు మార్చుకోవడం తేలిక.

గుర్రం మీద తీసేయాల్సినవి: జీను వెనక చుట్టలా కట్టిన సంచి, ముందు రెండు పిస్టల్ ఒరలు, కోసుగా వెనక్కి సాగిన జీనుగుడ్డ మూలలు, పొట్టిగా కత్తిరించిన తోక. హాబీ కత్తికి 11 నంబరు బ్లేడు కొత్తది వేసుకుని, పల్చగా తొక్క తీసినట్టు కొద్దికొద్దిగా కోయండి. మెత్త ప్లాస్టిక్‌ను ఆకురాయితో గానీ ఎమరీ కాగితంతో గానీ రుద్దితే నూగులేస్తుంది, ఆ నూగు రంగు వేశాక ఇంకా ఎక్కువ కనబడుతుంది. ఒకవేళ లేస్తే వేడి చేసిన సూదిని ఆ చోట తాకీ తాకనట్టు జరిపితే కరిగి నున్నబడుతుంది. కిటికీ తీసి ఉంచండి, ఆ పొగ పీల్చకూడదు.

తర్వాత మన జీను. ఇది మెత్తగా దూది కుక్కిన బొంత లాంటిది, ముందూ వెనకా కొంచెం ఎత్తు. ఎంసీల్ రెండు ముద్దలూ సమంగా పిసికి, పౌడరు చల్లిన రెండు పాలిథిన్ కవర్ల మధ్య పెట్టి పెన్నుతో అర మిల్లీమీటరు మందానికి ఒత్తండి. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల పొడవు ముక్క కోసి వీపు మీద కప్పి, అంచులు గుండ్రంగా చేసి, బ్లేడు మొండి వైపుతో అడ్డదిడ్డంగా గీతలు నొక్కితే కుట్లు వచ్చేస్తాయి. ఎంసీల్ రేణువు ముతక. జీనుకీ, నేలకీ బాగుంటుంది, ముఖాలకూ వేళ్లకూ పనికిరాదు. వాటికి గ్రీన్‌స్టఫ్ అనే నున్నటి మోడలింగ్ పుట్టీ కావాలి. ఎండాకాలంలో ఎంసీల్ చేతిలోనే బిగుసుకుంటుంది, ఒకసారికి శనగగింజంత మించి కలపకండి.

మెడ కింద వేలాడే చామరానికి పాత తెల్ల పెయింటు బ్రష్షు వెంట్రుకలు 2 మిల్లీమీటర్లు కత్తిరించి, ఒక చివర ఫెవిక్విక్‌లో ముంచి కట్టలా చేసి పెట్టండి. కళ్లెం, పగ్గాలకు మాత్ర పట్టీ వెనక అల్యూమినియం రేకు సన్నగా కోయండి. కుట్టుదారం వాడితే పీచు లేస్తుంది, దానికి ముందే నీళ్ల ఫెవికాల్ పట్టించి ఆరబెట్టాలి.

కాళ్ల భంగిమ మార్చేటప్పుడు చాలామంది తప్పుతారు. గుర్రం వెనకకాలిలో వెనక్కి వంగినట్టు కనబడే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన పైన ఉంటుంది. మడమ దగ్గర ఒక్కటే వంచితే కాలు విరిగినట్టుంటుంది, పై కీలు కూడా కొంచెం మడవాలి. నడకలో కనీసం రెండు గిట్టలు, ఎక్కువసేపు మూడు, నేల మీద ఉంటాయి. ముందుకాళ్లు రెండూ ముందుకీ వెనకకాళ్లు రెండూ వెనక్కీ చాచి గాలిలో తేలే దౌడు పాత చిత్రాల్లోనే ఉంది. 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫోటోల్లో నాలుగు కాళ్లూ గాలిలో ఉన్న క్షణంలో అవి పొట్ట కిందికి ముడుచుకుని కనబడ్డాయి. మెత్త ప్లాస్టిక్ కాలిని వంచాలంటే మరిగి దించిన నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి, కావలసినట్టు వంచి, పట్టుకునే చల్లనీళ్లలో ముంచండి. కావలసినదానికంటే కొంచెం ఎక్కువే వంచండి, ఎందుకంటే కొంత వెనక్కి వస్తుంది. రౌతు జీను మీద సరిగా కూర్చోక తొడల మధ్య సందు కనబడితే ఇదే ఉపాయం: గుర్రం మీద కూర్చోబెట్టి దారంతో బిగించి కట్టి, వేడినీళ్లలో ముంచి, తర్వాత చల్లనీళ్లలో పెట్టండి.

ఊడిపోవడానికి కారణం మీ చేతిపని కాదు. మెత్త ప్లాస్టిక్ అంటే పాలిథిలీన్. మామూలు జిగురేదీ దాన్ని పట్టుకోదు, ఫెవిక్విక్ అయినా ఆరల్డైట్ అయినా పైపైన పొరలా నిలబడి గోటితో గీస్తే వచ్చేస్తుంది. పట్టు జిగురు నుంచి కాదు, తీగ నుంచి రావాలి. కంప్యూటరు షాపులో పారేసే లాన్ కేబుల్ ముక్క అడిగి తెచ్చుకోండి. ఒంటి తీగ రకమైతే లోపలి రాగి అర మిల్లీమీటరు ఉంటుంది. 0.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు పిన్‌వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు) పెట్టి, చేత్తో నెమ్మదిగా, రెండు చుట్లకోసారి బయటికి తీస్తూ 3 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేయండి. తీయకుండా తిప్పితే ప్లాస్టిక్ చుట్టుకుని బిట్టు విరుగుతుంది. తల మార్చినా, చేయి మార్చినా మధ్యలో ఈ తీగ ఉండాల్సిందే. పుట్టీ కూడా అంతే. పెట్టే చోట సూదితో ఏడెనిమిది పోట్లు పొడిచి, వీలైతే చుట్టూ తిరిగి వచ్చేలా పెట్టండి. మీ బొమ్మలు గట్టి ప్లాస్టిక్, అంటే పాలిస్టైరీన్, అయితే ఈ గోలంతా లేదు, ప్లాస్టిక్ సిమెంటు రెండు ముక్కలనూ కరిగించి ఒకటి చేస్తుంది.

ఇప్పుడు మనిషి. సిపాహీ కోటు అంచును గ్రీన్‌స్టఫ్ పల్చటి రేకుతో మోకాలి దాకా దించి జీను మీద పరిస్తే అంగరఖా అవుతుంది. నడికట్టు వేరే సన్నటి పోగు. తలపాగాకు ఒకే ముద్ద పెట్టకండి, గుమ్మడికాయలా ఉంటుంది. అర మిల్లీమీటరు మందం పోగులు రెండు మెలిపెట్టి, తల చుట్టూ ఏటవాలుగా రెండు చుట్లు తిప్పి, ఒక పక్క ఎత్తుగా వదలండి.

డాలుకు కాగితాలకు చిల్లులు వేసే పంచి మిషను చాలు. దాని చిల్లు 6 మిల్లీమీటర్లు, 72తో గుణిస్తే 43 సెంటీమీటర్లు, చేతి డాలుకు సరిపోయే కొలత. పల్చటి ప్లాస్టిక్ విజిటింగ్ కార్డు మీద పంచి కొట్టి, ఆ బిళ్లను రబ్బరు మీద పెట్టి, బాల్‌పెన్ను గుండ్రటి వెనక భాగంతో గుండ్రంగా తిప్పుతూ నొక్కితే బోర్లించిన గిన్నెలా వంపు తిరుగుతుంది. మధ్యలో చతురస్రంగా నాలుగు చోట్ల గుండుసూదితో ఫెవికాల్ చుక్కలు పెడితే ఆరాక అవే నాలుగు బుడిపెలు. రంగు వేశాక ఆ చుక్కల మీద ఇత్తడి రంగు తాకిస్తే చాలు.

బల్లేలకు ప్లాస్టిక్‌వి పీకేయండి, అవి ఎప్పటికీ వంగే ఉంటాయి. 3 మీటర్ల బల్లెం 1/72లో 42 మిల్లీమీటర్లు. పూసలు గుచ్చే పొడుగు సూది దీనికి అతికినట్టు సరిపోతుంది, ముందే మొన ఉంటుంది. బెజ్జం వైపు ప్లయర్‌తో తుంచేటప్పుడు గుడ్డలో చుట్టి తుంచండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ముక్క తూటాలా ఎగురుతుంది. బొబ్బిలి ఊరి దగ్గర ఉండేవారు గొల్లపల్లిలో వీణల పనివారి దగ్గర మిగిలిన ఉక్కు తీగ ముక్కలు అడగొచ్చు. అయితే చుట్టగా వచ్చిన తీగలో వంపు పోదు, పొట్టి ఈటెలకే వాడండి.

రంగు పెచ్చులు లేవడానికి రెండు కారణాలు: అచ్చు నూనె, ఎనామిల్ లాంటి గట్టి రంగు. కోత మొదలుపెట్టే ముందే గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో గోరువెచ్చటి నీళ్లలో కడిగి ఒక రోజు ఆరనివ్వండి. మార్పులన్నీ అయ్యాక ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి బొమ్మంతా పట్టించండి. ఆరేటప్పుడు బిగుసుకుని తొడుగులా పట్టుకుంటుంది. దాని మీద ఆక్రిలిక్కే వేయండి. బట్టలకు వేసే ఫెవిక్రిల్ కాస్త సాగుతుంది కాబట్టి వంగే ప్లాస్టిక్‌కు నప్పుతుంది, కాకపోతే నీళ్లు కలిపి పల్చగా మూడు పూతలు కావాలి. ఎండాకాలంలో కుంచె మీదే ఆరిపోతుంటే టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ, దాని మీద బటర్ పేపరు పరిచి రంగు అక్కడ కలుపుకోండి.

గుర్రాలకు మాత్రం ఆయిల్ పెయింటు ముందు ఏదీ నిలవదు. జేగురు గుర్రానికి మొదట పసుపు కలిసిన నారింజ ఆక్రిలిక్ వేసి 24 గంటలు ఆగండి. ఆపైన బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా కలిపి ఒళ్లంతా పూసి, 15 నిమిషాల తర్వాత పొడి స్పాంజి ముక్కతో తుడవండి. తొడ, భుజం, మెడ మీద కింది రంగు బయటపడుతుంది, కండల మధ్య లోతుల్లో ముదురు మిగులుతుంది. కుంచెతో గంటసేపు కష్టపడ్డా ఆ నీడ రాదు. అంబర్ రెండు మూడు రోజుల్లో ఆరుతుంది, తెల్ల ఆయిల్ వారం పైనే పడుతుంది. జేగురు గుర్రానికి జూలు, తోక, మోకాళ్ల కింది కాళ్లు నలుపు. తెల్లకాలి కింద గిట్ట లేత రంగులో, నల్లకాలి కింద ముదురుగా ఉండాలి. 12లో ఒక్కటే పంచకళ్యాణి పెట్టండి, అన్నిటికీ నాలుగు తెల్లకాళ్లు వేస్తే దాని విలువ పోతుంది. సర్దారు గుర్రం తెల్లదైతే తోకకూ, కాళ్లకూ, పొట్ట కింది వరకూ గోరింటాకు రంగు వేయండి. మొగలాయి, దక్కనీ చిత్రాల్లో ఈ అలంకారం స్పష్టంగా ఉంది. మీ డయోరమాలో అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి.

మన తీరంలో వానాకాలం ఉక్క మరో శత్రువు. స్ప్రే ప్రైమరు వాన పడే రోజున కొడితే బూడిద పట్టినట్టు తెల్లబారుతుంది, కుంచెతో వేయడమే మేలు. ఫెవిక్విక్ ఎక్కువైనా అతుకు చుట్టూ అలాంటి తెల్లపొర వస్తుంది. గుండుసూది మొనతో చుక్క పెట్టి, ఫ్యాను గాలి ఆడేచోట ఆరనివ్వండి. నేలకు మన ఎర్రమట్టే వాడండి. టీ జల్లెడలో జల్లించి, పెనం మీద బాగా వేయించి చల్లార్చాకే ఫెవికాల్ మీద చల్లండి, లేదంటే బూజు పడుతుంది. పీఠాలకు ఇనుప వాషర్లు వద్దు, తుప్పు మట్టిలోంచి పైకి వస్తుంది. 2 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు చాలు.

ఆ సీసపు రౌతులను దయచేసి కోయకండి, రంగు కూడా వేయకండి. లోపల బోలుగా ఉండి 54 మిల్లీమీటర్లుంటే, విలియం బ్రిటన్ 1893లో మొదలుపెట్టిన పద్ధతిలో పోతపోసినవి కావచ్చు. అసలు రంగు పోతే సేకరణగా విలువ పోయినట్టే. తెల్లపొడి రాలుతోందేమో చూడండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, తేమ కలిస్తే సీసం అలా తినేయబడుతుంది. చెక్క బీరువాలోంచి తీసి, సిలికాజెల్ పొట్లంతో గాజు లేదా స్టీలు డబ్బాలో పెట్టండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. కలరా ఉండలు మాత్రం ఏ డబ్బాలోనూ వేయొద్దు. వాటి ఆవిరికి గట్టి ప్లాస్టిక్ బొమ్మలు మెత్తబడి జిగటగా తయారవుతాయి.

గుర్రాల ఎత్తులు కొలిచి, రెండు పెట్టెల్లో ఏ భంగిమలు ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయండి. ఏ రౌతును ఏ గుర్రం మీద కూర్చోబెట్టాలో చెప్తాను.