ఎం-చాట్ ఫారంలో "అవును" అని టిక్ పెట్టే ముందు

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: "బాబుకి రెండేళ్లు నిండాయండీ, ఇంకా మాటలు రాలేదు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు కదా, అందుకేనంటారా?"

కాదండీ. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు, మీరు లోలోపల భయపడే ఆటిజం (ఇతరులతో కలవడం, మాట్లాడటం, ప్రవర్తన వేరుగా ఉండే ఎదుగుదల తేడా) కూడా రాదు. మాటల సంగతి అలా ఉంచి, ఒకటి గమనించండి. ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపించి, మీరూ చూశారా లేదా అని మీ మొహంలోకి చూస్తున్నాడా? బొమ్మ కావాలని మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం వేరు, చూసినదాన్ని ఇలా మీతో పంచుకోవడం వేరు.

18, 24 నెలల చెకప్‌లలో పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ (ఆ లక్షణాలున్నాయేమోనని చేసే తొలి పరిశీలన) చేయాలని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. అందుకు చాలాచోట్ల తల్లిదండ్రులు నింపే ఎం-చాట్ అనే ఫారం ఇస్తారు. పిల్లాడు ఫలానాది చేస్తాడా లేదా అని 20 ప్రశ్నలు. మావాడప్పుడు నేను "ఎప్పుడో ఒకసారి చేశాడుగా" అనుకుంటూ వరసగా మంచి జవాబులే టిక్ పెట్టేశాను. దాంతో ఏడాది పోయింది. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసి, మామూలుగా చెయ్యకపోతే "కాదు" అనే పెట్టాలని ఆ ఫారం మీదే ఉంటుంది! అనుమానం కలిగించే జవాబులకి పడే స్కోరు 3 వచ్చినా, అంతకు మించినా ఆటిజం ఉందని కాదు, ఇంకా వివరంగా చూడాలని.

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష, స్కానింగ్ ఏవీ లేవు. వినికిడి పరీక్ష మాత్రం చేయిస్తారు. తర్వాత డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియనో (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు) సైకాలజిస్టో మిమ్మల్ని పుట్టినప్పటి నుంచీ అన్నీ అడిగి, పిల్లాడితో ఆడతారు. మావాణ్ణి చూసినావిడ సబ్బు బుడగలు ఊది, ఉన్నట్టుండి ఆపేసి ఊరుకున్నారు. ఇంకా కావాలని ఆవిడ కళ్లలోకి చూస్తాడా, సైగ చేస్తాడా అని. వాడు బుడగలు ఊదే పుల్లనే చూస్తున్నాడు. "అడుగు నాన్నా" అని నా నోట్లోంచి వచ్చేసింది. అలా మీరు పక్కనుంచి అందివ్వకండి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు మాత్రం ముందే చెప్పండి. పాస్‌పోర్టులో పేరుతో పిలిస్తే మామూలు పిల్లలే పలకరు! చేతులు ఊపడం, వస్తువులు వరసగా పేర్చడం లాంటివి ఉంటే ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగడానికి మొహమాటపడకండి.

అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఖాళీగా కూర్చోకండి. మూడేళ్లలోపు పిల్లలకి ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం) ఉంది. ఆటిజం అని డాక్టరు కాగితం ఇవ్వక్కర్లేదు, మీరే ఫోన్ చేసి బాబుని చూడమని అడగొచ్చు. మూడు దాటితే బాబుని పరీక్షించమని మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని (మీ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) రాతపూర్వకంగా అడగండి, బాబు ఇంకా బడికి వెళ్లకపోయినా సరే.