పది నిమిషాలకే చెయ్యి ఫోన్ మీదికి ఎందుకు పోతోంది?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎప్‌సెట్‌కు ఇంట్లోనే చదువుతున్నాడు. మూడు గంటలు కూర్చుంటాడు కానీ పది నిమిషాలకే ఫోన్ తీస్తాడు. ఏకాగ్రత కోసం ధ్యానం క్లాసులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ధ్యానం మంచిదే అమ్మా. కానీ ముందు ఇంకో పని ఉంది. మూడు రోజులు పుస్తకం పక్కన ఒక తెల్లకాగితం ఉంచుకోమనండి. మనసు ఫోన్ మీదికి మళ్లినప్పుడల్లా ఏ లెక్క దగ్గర ఉన్నాడో రాసుకోవాలి. ఆ కాగితం మీరు అడగొద్దు. అడిగితే నిజం రాయడు.

ఇలా రాసిన పిల్లల కాగితాలు చాలా చూశాను. ఎక్కువగా ఒకే చాప్టర్ మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఇంటిగ్రేషన్‌నే తీసుకోండి. సైన్ 5ఎక్స్, కాస్ 3ఎక్స్ గుణకారంలో ఉంటే ముందు దాన్ని కూడికగా మార్చాలి. ఆ సూత్రం ఫస్టియర్ ట్రిగొనామెట్రీలోది. అది నోటికి రాని పిల్లాడు రెండో లైనులోనే ఆగిపోతాడు. ఏం చేయాలో తోచని చోట కూర్చోవడం పెద్దవాళ్లకే కష్టం, పక్కనే ఫోన్ ఉంటే చెయ్యి అటే పోతుంది. దాన్ని మనం ఏకాగ్రత లేకపోవడం అనుకుంటాం. అలాంటి చోట వారం రోజులు వెనక్కి వెళ్లి ఆ పాత సూత్రాలు రాయించండి. సమయం వృథా అవుతుందని భయపడకండి.

ఇక కూర్చునే తీరు. 'మ్యాథ్స్ చదువుతా' అని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకునే లోపే పావుగంట పోతుంది. 'ఈ 25 నిమిషాల్లో ఈ ఆరు లెక్కలు' అని రాసుకుని మొదలుపెట్టాలి. పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలుంటాయి, అందులో 80 మ్యాథ్స్‌వే. అంతసేపు కుదురుగా కూర్చోవడం తప్పదు, కాకపోతే ఆ ఓపిక వారాల మీద పెరుగుతుంది. ఆదివారం ఒక పూర్తి మాక్ టెస్టు, అదీ కంప్యూటర్ మీదే రాయించండి.

ఫోన్ వేరే గదిలో ఉండాలి. డౌట్లు కాగితం మీద రాసుకుని చివర్లో ఒకేసారి చూసుకోవచ్చు.

మీకూ ఒక మాట. పాల ప్యాకెట్ తెమ్మనో, 'చదువుతున్నావా' అనో మధ్యలో పిలవకండి. సగంలో వదిలిన పని దగ్గరే ధ్యాస కొంత చిక్కుకుపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. లేవక తప్పకపోతే, తిరిగొచ్చి ఏ మెట్టు నుంచి చేయాలో ఒక్క లైను రాసి లేవమనండి.

బాబుకు పన్నెండేళ్లు నిండకముందు నుంచే ఇంట్లో, బడిలో, ఆటల్లో కూడా ఇలాగే నిలకడ లేకుండా, వస్తువులు పోగొట్టుకుంటూ ఉంటే సంగతి వేరు. అప్పుడు తిట్టకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. చదువుకు కూర్చున్నప్పుడే ఇలా అవుతుంటే రేపటి నుంచి ఆ తెల్లకాగితం పెట్టించండి. ఏ చాప్టర్ దగ్గర ఆగుతున్నాడో బాబునే నాకు రాయమనండి.