డల్లాస్ టీమ్‌తో పని ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ టీమ్ సగం హైదరాబాద్‌లో, సగం అమెరికాలోని డల్లాస్‌లో. పొద్దున టికెట్లు (ఎవరేం చేయాలో రాసిన పనుల నమోదులు) పంచుతాను, మధ్యాహ్నానికల్లా ఎవరికో ఒక డౌట్, అడుగుదామంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. రోజంతా అలాగే పోతోంది. ఏం చేయాలి?
– ఒక టీమ్ లీడ్, మాదాపూర్

జవాబు: ముందు ఒకే ఫీచర్‌ని రెండు ఊళ్ల మధ్య ముక్కలు చేయడం మానేయండి. పేమెంట్ భాగం మీదైతే డిజైన్, కోడ్, టెస్టింగ్ అన్నీ మీ దగ్గరే ఉండాలి, వాళ్లకు ఇంకో భాగం పూర్తిగా ఇచ్చేయండి, రెండిటినీ కలిపే ఏపీఐ (ఒక భాగం ఇంకో భాగంతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ఎలా ఉండాలో మాత్రం మొదట్లోనే కలిసి రాసుకోండి. చేతులు మారక తప్పని పనైతే ఇంటికెళ్లే ముందు టికెట్‌లోనే రాయాలి: ఏ బ్రాంచ్ (కోడ్‌లో మీరు పనిచేస్తున్న విడి ప్రతి), ఏ టెస్ట్ ఫెయిలవుతోంది, ఏం ప్రయత్నించి వదిలేశారు. "దాదాపు అయిపోయింది, చూడండి" అని రాస్తే అవతలివాళ్లకు ఆ రోజు పోయినట్టే! ఎవరినీ అడగక్కర్లేని టికెట్ ఒకటి ప్రతి ఒక్కరి దగ్గరా అదనంగా ఉంచండి.

ఇక కాల్స్. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే, వాళ్ల ఉదయం 9 గంటల మీటింగ్ మీకు రాత్రి 7.30 నుంచి 8.30కి మారిపోతుంది. ఎప్పుడూ మనవాళ్ల రాత్రి భోజనమే చెడటం అన్యాయం, వారం విడిచి వారం వాళ్ల రాత్రి 9కి, అంటే మీ పొద్దునకి పెట్టమని మేనేజర్‌ని గట్టిగా అడగండి.