బంక్ బెడ్‌కీ చుట్టాల గదికీ పలచటి పరుపు: ఎన్ని అంగుళాలు, ఏ సరుకు?

మీరడిగింది ఇదీ: కావలిలో కొత్త ఇంటి మేడ మీద గదిలో వడ్రంగి చేత బంక్ బెడ్ చేయిస్తున్నారు. కింద వెడల్పు మంచం, పైన సింగిల్. మామూలు రోజుల్లో పిల్లలు పడుకుంటారు, పండగలకీ పెళ్ళిళ్ళకీ చుట్టాలు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు పంపిన డిజైనులో కింది మంచం ‘ఫుల్’ సైజు అని ఉంది. నాలుగంగుళాల పరుపు సరిపోతుందా, లేక షాపాయన చెప్పినట్టు ఎనిమిదంగుళాలది తీసుకోవాలా అని.

ఎనిమిది వద్దండీ. పైన నాలుగు, కింద ఐదు వేసుకోండి. షాపాయనకి ఎనిమిది అమ్మితే లాభం ఎక్కువ, అంతే. కందుకూరులో మా అక్క వాళ్ళింట్లో పిల్లలకి ఇట్టాంటి మంచమే ఉంది. నెల్లూరులో మా మేడ మీద గదేమో చుట్టాల కోసమే ఉంచాం. రొట్టెల పండక్కి కనిగిరి, పొదిలి వైపు నుంచి మా వాళ్ళందరూ దిగేది అందులోనే. ఈ రెండు చోట్లా పరుపులు కొనడం, మార్చడం అంతా నా నెత్తినే పడింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఆ ‘ఫుల్’ సంగతి తేల్చుకోండి. అమెరికాలో ఫుల్ అంటే 54 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు. మన షాపుల్లో డబుల్ అని అడిగితే ఎక్కువగా 48 వెడల్పుది చూపిస్తారు. దాని తర్వాత క్వీన్, 60. మధ్యలో ఉన్న 54 రెడీమేడ్‌గా దొరకడం కష్టం. వడ్రంగి డిజైను ప్రకారం 54కి చట్రం బిగించేశాక మీరు 48 పరుపు తెచ్చి వేస్తే ఆరంగుళాల సందు మిగులుతుంది. పిల్లల కాళ్ళూ చేతులూ అందులోనే ఇరుక్కుంటాయి. గదిలో చోటుంటే కింది మంచాన్ని 60కి చేయించడం మేలు. పరుపూ దుప్పట్లూ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. చోటు లేదంటే 54కే చేయించి పరుపు ఆ కొలతకి కోయించుకోండి. ఫోమ్, కొబ్బరి పీచు పరుపులు కోరిన కొలతకి కోసి కుట్టిస్తారు. స్ప్రింగుది అట్టా కుదరదు. కోయించిన పరుపును మామూలుగా ఎవరూ వెనక్కి తీసుకోరు కాబట్టి కొలత మంచం బిగించాకే, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి, మీ చేత్తో తీసుకోండి. 48 మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళకి ఇరుకే, మనిషికి రెండడుగులే వస్తుంది.

ఇక మందం. బంక్ బెడ్ పై మంచానికి పరుపు మందం నిర్ణయించేది సుఖం కాదు, పక్కనుండే అడ్డకమ్మీ. కమ్మీ ఎత్తు మంచం చెక్క నుంచి కొలిచి ‘తొమ్మిదంగుళాలు పెట్టాను సార్’ అంటాడు వడ్రంగి. పిల్లాడు పడుకునేది చెక్క మీద కాదు కదా, పరుపు మీద. తొమ్మిదంగుళాల కమ్మీ ఉన్న మంచంలో ఎనిమిదంగుళాల పరుపు వేస్తే పైకి మిగిలేది ఒక్క అంగుళం. నిద్రలో ఒక్క పొర్లు పొర్లితే ఐదడుగుల ఎత్తు నుంచి నేల మీదే. అమెరికాలో బంక్ బెడ్లకున్న నియమం ప్రకారం పరుపు పైభాగం నుంచి కమ్మీ కనీసం ఐదంగుళాలు ఎత్తు ఉండాలి, కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటకూడదు, ఆరేళ్ళలోపు పిల్లల్ని పైన పడుకోబెట్టకూడదు. మన దగ్గర చేయించుకునే మంచానికి ఎవరూ వచ్చి చూడరు కాబట్టి ఆ లెక్క మనమే పెట్టుకోవాలి. నేనైతే ఐదు కూడా తక్కువే అంటాను, ఏడో ఎనిమిదో మిగలాలి. అంటే పరుపు నాలుగైతే కమ్మీ చెక్క మీద నుంచి పన్నెండు. వడ్రంగికి ఇప్పుడే చెప్పండి, పాలిష్ పడ్డాక చెబితే మొహం మాడ్చుకుంటాడు. గోడ వైపు కూడా కమ్మీ పెట్టించండి. గోడ ఉందిలే అనుకుంటారుగానీ మంచం కాస్త జరిగితే అక్కడే సందు పడుతుంది.

దీనికంటే నాకు భయం వేసేది ఫ్యాను. అమెరికా డిజైనులో అది ఉండదు, మన ఇళ్ళలో గది మధ్యలో తిరుగుతూ ఉంటుంది. శ్లాబు పదడుగులు అనుకోండి, ఫ్యాను రాడ్డు పోగా రెక్కలు తొమ్మిదడుగుల దగ్గర తిరుగుతాయి. పై పరుపు ఐదడుగుల ఎత్తులో ఉంటే నాలుగడుగుల పిల్లాడు దాని మీద నిలబడగానే తల రెక్కల మట్టానికి వస్తుంది, చెయ్యెత్తితే ఇంకా పైకి. పరుపు మందం పెరిగిన ప్రతి అంగుళమూ పిల్లాణ్ణి ఫ్యానుకి దగ్గర చేస్తుంది. అందుకే మంచం రెక్కల చుట్టు కిందికి రాకుండా మూలకి పెట్టించండి. మా అక్కకి గది చిన్నది కావడంతో ఫ్యాను తీయించేసి గోడ ఫ్యాను పెట్టించింది. మా బావ నెలరోజులు సణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

కింది మంచానికి లెక్క వేరు. అక్కడ పడిపోతారన్న భయం లేదు, తల కొట్టుకోవడమే బాధ. కింది పరుపు పైభాగానికీ పై మంచం అడుగు చెక్కకీ మధ్య మూడడుగులైనా ఉంటేగానీ పెద్దవాళ్ళు నిటారుగా కూర్చోలేరు. ఎనిమిదంగుళాలు పరిస్తే మీ చిన్నాయన పొద్దున లేచి కాఫీ గ్లాసు పట్టుకుని వంగి కూర్చోవాల్సిందే. అట్టాగని మరీ కిందికి దించితే మోకాళ్ళ నొప్పులున్న అవ్వలు, జేజిలు లేవలేరు. పరుపుతో కలిపి నేల నుంచి పద్దెనిమిది అంగుళాలకి అటూ ఇటూగా ఉంటే కుర్చీలోంచి లేచినట్టు లేస్తారు.

సరుకు దగ్గరకొద్దాం. పలచటి పరుపు మీద పడుకుంటే నడుము పట్టేస్తుందని అందరూ అంటారు. పట్టేసేది పలచన వల్ల కాదు, పలచటి దాంట్లో నాసిరకం ఫోమ్ పెట్టడం వల్ల. మందపు పరుపులో నాసిరకం ఉన్నా కొన్నాళ్ళు బయటపడదు, నాలుగంగుళాల్లో మొదటి వారమే నడుము చెక్కకి తగులుతుంది. షాపులో పరుపును నేల మీద వేయించి మోకాలు ఆనించి బరువంతా మోపండి. నేల గట్టిగా తగిలిందంటే వద్దు. తర్వాత సిగ్గుపడకుండా ఒక పక్కకి తిరిగి పది నిమిషాలు పడుకోండి. వెల్లకిలా పడుకుంటే అన్ని పరుపులూ బాగానే ఉంటాయి, పక్కకి తిరిగినప్పుడే భుజమూ తుంటీ నిజం చెబుతాయి.

ఫోమ్ అయితే డెన్సిటీ అడగండి. 32 అన్నా 40 అన్నా అర్థం ఒక ఘనమీటరు ఫోమ్ అన్ని కిలోలుంటుందని. అది మన్నికకి గుర్తు, గట్టిదనానికి కాదు. 40 డెన్సిటీలో మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. ఇందులో మనకో సౌకర్యం ఉంది, షాపాయన మాట నమ్మక్కర్లేదు, తూకం వేయిస్తే చాలు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో హెచ్చవేసి 61,000తో భాగించండి, ఘనమీటర్లు వస్తాయి. దాన్ని డెన్సిటీతో హెచ్చవేస్తే ఫోమ్ బరువు. 75, 54, 5 కొలతల పరుపు 32 డెన్సిటీదైతే సుమారు పదిన్నర కిలోలు, 40ది అయితే పదమూడు. పైన వేసే 72, 36, 4 సింగిల్ అయితే ఐదున్నర, ఏడు. దానికి గుడ్డా కుట్టూ బరువు కాస్త కలుపుకోండి. ఆ పెద్దది 40 అని చెప్పి అమ్మితే, తూకానికి ఏడెనిమిది కిలోలే తూగితే ఇంక బేరమాడే పని లేదు, లేచి వచ్చేయడమే. మా మేడ మీదకి కొనేటప్పుడు ఒక షాపులో తూకం అనగానే ‘పరుపును తూకమేసి కొనేవాళ్ళని మిమ్మల్నే చూస్తుండా’ అని నవ్వాడు. పక్క షాపులో మాట్లాడకుండా కాటా తెచ్చాడు, అక్కడే కొన్నాం.

ముక్కలు అతికించిన బాండెడ్ ఫోమ్ ఉంటుంది, బాగా గట్టిది, బాగా బరువు. ఆ పెద్ద కొలతలో ముప్ఫై కిలోల దాకా తూగొచ్చు. కిందికి పర్వాలేదు, పైకి వద్దు. పై మంచం మీద దుప్పటి మార్చేది నిచ్చెన మీద నిలబడి, ఒక్క చేత్తో పరుపు ఎత్తి. ఆ పని చేసేది ఇంట్లో ఎవరో మీకు తెలుసు.

మన ఎండలకి నాకు నచ్చేది రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపు, పైన అంగుళం ఫోమ్ కుట్టినది. నాలుగు, ఐదు అంగుళాల్లో దొరుకుతుంది, గాలి ఆడుతుంది, పలచగా ఉన్నా చెక్క తగలనివ్వదు. మేడ మీద గది అంటున్నారు కాబట్టి ఇది ముఖ్యం. రోహిణి కార్తెలో రాత్రి పది దాటినా శ్లాబు సెగ దిగుతూనే ఉంటుంది, పై మంచం దానికి ఇంకా దగ్గర. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడి ఒంటిని పట్టేస్తుంది, ఏసీ లేని గదికి అది దండగ. పీచు పరుపుకి ఒకటే షరతు, మడవకూడదు. మడిస్తే లోపల పీచు విరిగి మధ్యలో గాడి పడుతుంది, ఆ తర్వాత ఏం చేసినా పోదు. కొన్నేళ్ళకి పొడి రాలుతుంది కూడా, మంచి గుడ్డ కుట్టినది చూడండి. మడిచి అటక మీద పెట్టుకునేది కావాలంటే ఫోమే, మూడు మడతలది. స్ప్రింగు పలచగా చేస్తే పనికిరాదు, పైగా కావలికి సముద్రం దగ్గర, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

దూది పరుపు సంగతి మీరు అడగలేదుగానీ మీ అత్తగారు అడుగుతారు. బూరుగు దూదిదైతే ఆ వయసులో ఉన్నవాళ్ళకి అంత హాయి ఇంకోటి లేదు. ఏటా ఎండలో వేసి, గడ్డలు కట్టినప్పుడు ఏకించగలిగితే వేయించుకోండి. ఏకేవాళ్ళు దొరకడం కష్టమవుతోంది. ఎండలో వేయడం దూదికి మాత్రమే. ఫోమ్‌నీ లేటెక్స్‌నీ (రబ్బరు నురగ పరుపుని) మేనెల ఎండలో డాబా మీద పడేస్తే పసుపుబారి పొడిపొడి అవుతాయి, వాటికి నీడలో గాలి చాలు.

పరుపు కింద ఏముందో కూడా చూడాలి. పలచటి పరుపుకి సగం బలం కింది చెక్కే ఇస్తుంది. పట్టీలు కొడితే మధ్య సందు రెండుమూడు అంగుళాలు దాటనివ్వొద్దు, దాటితే ఫోమ్ సందుల్లోకి జారి అలలు పడుతుంది. ప్లైవుడ్ వేస్తే అక్కడక్కడా బెజ్జాలు పెట్టించండి. మనకి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లో తలుపులు మూసి ఉన్న చుట్టాల గదిలో, బెజ్జాల్లేని ప్లైవుడ్ మీద పరుపు అడుగున బూజు పట్టేస్తుంది. పైనుంచి చూస్తే కొత్తదిలాగే ఉంటుంది, ఎవరో పడుకుని ‘ఏంది ఈ వాసన’ అన్నప్పుడు తెలుస్తుంది. దసరా దాటాక వారానికోసారి పరుపు గోడకి నిలబెట్టి ఫ్యాను వేయండి, నాలుగంగుళాలది కాబట్టి ఒక్కరే ఎత్తగలరు. షాపు వాళ్ళు చుట్టిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేయండి. కొత్త కారు సీట్ల కవరు తీయనట్టు చాలామంది దాన్నలాగే ఉంచుతారు, చెమ్మంతా లోపలే ఉండిపోతుంది. బదులుగా జిప్పు ఉన్న గుడ్డ గలేబు కుట్టించండి. రాత్రి బస్సు దిగి వచ్చిన బ్యాగుల్లోంచి నల్లులు వచ్చినా కుట్ల సందుల్లోకి దూరవు. పక్క తడిపే పిల్లలుంటే నీళ్ళు దిగని కవరు కూడా కావాలి, పైన టవల్ గుడ్డ ఉన్నది తీసుకోండి, ఉత్త రెగ్జిన్‌ది చెమట పట్టిస్తుంది. ఎలాస్టిక్ దుప్పట్లు కొనొద్దు, మందపు పరుపుల కోసం కుట్టినవి పలచటి దాని మీద ముడతలు పడతాయి. మామూలు చేనేత దుప్పటి కింద దోపితే చక్కగా ఉంటుంది.

బిల్లు మీద కొలత, మందం, డెన్సిటీ మూడూ రాయించుకోండి. ‘పరుపు ఒకటి’ అని రాసిస్తే వారంటీ అడిగేటప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. పేరున్న కంపెనీదైతే ఏదైనా ఒకటే, కర్లాన్‌ని కూడా 2023లో స్లీప్‌వెల్ చేసే షీలా ఫోమ్ కొనేసింది, కాబట్టి ఆ రెంటి మధ్య ఊరికే తర్జనభర్జన పడకండి.

మీ తమ్ముడి డిజైనులో పై కమ్మీ ఎత్తు చెక్క నుంచి ఎంత ఉందో, గదిలో శ్లాబు ఎత్తు ఎంతో రాయండి. కమ్మీ పదికి తక్కువ ఉంటే పైన నాలుగు కూడా కాదు, మూడంగుళాల పీచు పరుపు చూసుకోవాల్సి వస్తుంది.