డాలర్ పేమెంట్ ఆంక్షల్లో ఇరుక్కుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మేము గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి చేస్తాం. దుబాయ్ ట్రేడర్ ఆర్డర్ మీద ఒక కంటైనర్ రష్యాకు పంపాం. సరుకు చేరింది. డాలర్లు పంపానని ట్రేడర్ స్విఫ్ట్ కాపీ (బ్యాంకుల మధ్య వెళ్లిన చెల్లింపు సందేశం నకలు) కూడా ఇచ్చాడు. రెండు నెలలైనా డబ్బు రాలేదు. 'కాంప్లయన్స్‌లో (నిబంధనల తనిఖీలో) ఉంది' అని తప్ప మా బ్యాంకు ఇంకేమీ చెప్పడం లేదు. రష్యాపై మన దేశం ఆంక్షలు పెట్టలేదు కదా, అమెరికా చట్టం మాకెందుకు వర్తిస్తుంది? ఇన్వాయిస్‌లో గమ్యం దుబాయ్ అని మార్చి ఇస్తే డబ్బు వచ్చేస్తుందని ఒకాయన అంటున్నారు. బ్యాంకు మీద కేసు వేయవచ్చా?

జవాబు: ముందు ఇన్వాయిస్ సంగతి. దయచేసి ఒక్క అక్షరం కూడా మార్చకండి. ఇప్పటివరకు మీరు ఏ తప్పూ చేయలేదు, మారిస్తే చేసినట్టవుతుంది. కస్టమ్స్‌కు తప్పుడు పత్రం ఇస్తే కస్టమ్స్ చట్టం 114ఎఎ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదు రెట్ల వరకు జరిమానా వేయవచ్చు. అమెరికా వైపు చిక్కు ఇంకా పెద్దది. 2017లో సింగపూర్‌కు చెందిన సీఎస్ఈ ట్రాన్స్‌టెల్ కంపెనీ, ఇరాన్ పనులకు సంబంధించిన డాలర్ చెల్లింపులను అమెరికా బ్యాంకుల మీదుగా నడిపినందుకు కోటీ ఇరవై లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. అది అమెరికా కంపెనీ కాదు. డాలర్లు అమెరికా బ్యాంకు గుండా వెళ్లడమే అక్కడి చట్టానికి చాలింది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా అదే. మన దగ్గర ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలకు చట్టబలం ఉంది, అమెరికా సొంతంగా పెట్టిన వాటికి లేదు. మీరు రష్యాకు మిర్చి అమ్మడం భారతదేశంలో పూర్తిగా చట్టబద్ధం. అయితే డాలర్ చెల్లింపు సాధారణంగా న్యూయార్క్‌లోని కరస్పాండెంట్ బ్యాంకు (మన బ్యాంకు తరఫున డాలర్ చెల్లింపులు నడిపే బ్యాంకు) దాటి రావాలి. పైగా 2023 డిసెంబరు 22న వచ్చిన అమెరికా అధ్యక్షుడి 14114 నంబరు ఉత్తర్వు తర్వాత, రష్యా లావాదేవీల విషయంలో విదేశీ బ్యాంకులు కూడా అమెరికాలో తమ ఖాతాలు పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. మీ బ్యాంకు నోరు విప్పకపోవడానికి ఈ భయం కారణం కావచ్చు.

ఇప్పుడు అసలు పని. డబ్బు ఏ స్థితిలో ఉందో రాతపూర్వకంగా అడగండి. స్విఫ్ట్ కాపీ మీద యూఈటీఆర్ అనే, ఆ చెల్లింపుకు మాత్రమే చెందిన గుర్తింపు నంబరు ఉంటుంది, దానితో పేమెంట్ ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకు కనుక్కోగలదు. మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. వివరాల కోసం ఆపి ఉంటే, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, కాంట్రాక్టు, కొనుగోలుదారు యజమానుల వివరాలు ఇస్తే కదులుతుంది. తిప్పి పంపేసి ఉంటే డబ్బు మీ ట్రేడర్ దగ్గరికే వెళ్లి ఉంటుంది, అతని బాకీ అలాగే ఉంది. స్తంభింపజేసి ఉంటే మాత్రం ఆ బ్యాంకు పది పనిదినాల్లో అమెరికా ఖజానా శాఖలో ఆంక్షలు అమలు చేసే ఓఫాక్ అనే విభాగానికి తెలియజేయాలి. విడుదలకు అక్కడే లైసెన్స్ దరఖాస్తు పెట్టుకోవాలి, అందుకు అమెరికా న్యాయవాది అవసరం పడుతుంది.

ఏది జరిగినా మీకు ఒక గట్టి ఆధారం ఉంది. మిర్చి ఆహార వస్తువు. వ్యవసాయ ఉత్పత్తులు, మందుల లావాదేవీలను అనుమతిస్తూ ఓఫాక్ రష్యా విషయంలో జనరల్ లైసెన్స్ 6డి (విడిగా దరఖాస్తు చేయకుండానే వర్తించే అనుమతి) ఇచ్చింది. దాన్ని ప్రస్తావిస్తూ, మిర్చికి వర్తించే 0904 హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే నంబరు) కనిపించే పత్రాలు జతచేసి మీ బ్యాంకు ద్వారా పంపండి. ఈ లైసెన్స్ పేరెత్తకుండా 'మా డబ్బు ఇవ్వండి' అని పది ఈమెయిళ్లు పెట్టినా లాభం తక్కువ.

ట్రేడర్ కంపెనీ యజమానులెవరో కూడా చూడండి. అమెరికా నిషేధిత జాబితాలోని వాళ్ల వాటాలన్నీ కలిపి 50 శాతం లేదా అంతకు మించితే, ఆ కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా దాన్ని నిషేధితంగానే చూస్తుంది. ఇద్దరికి చెరో 25 శాతం ఉన్నా చాలు. అలాగని 50 దాటకపోతే బేఫికర్ అనుకోవద్దు. భారత్‌లోని చమురు సంస్థ నయారా ఎనర్జీలో రష్యా చమురు కంపెనీ రాస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతమే, అయినా 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆ కంపెనీని పేరు పెట్టి మరీ జాబితాలో చేర్చింది.

బ్యాంకు మీద కేసు ఇప్పుడే వద్దు. డబ్బు వాళ్ల చేతిలో లేనప్పుడు కోర్టు వాళ్లతో ఇప్పించలేదు. రాతపూర్వక ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఈలోగా ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) గడువు మరచిపోవద్దు. ఎగుమతి సొమ్ము రాబట్టుకునే గడువును 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. అది దాటేలా ఉంటే ముందుగానే కారణం చూపి పొడిగింపు అడగండి, లేకపోతే తర్వాతి షిప్‌మెంట్లకు కూడా ఇబ్బంది వస్తుంది. కాగితాలన్నీ పదేళ్లు దాచండి. అమెరికాలో ఇలాంటి కేసుల కాలపరిమితి 2024 ఏప్రిల్ నుంచి పదేళ్లయింది.

తర్వాతి ఆర్డర్ రష్యాకైతే రూపాయల్లో ఇన్వాయిస్ చేసే దారి గురించి మీ బ్యాంకును అడగండి. 2022 జులై 11 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌తో వచ్చిన ప్రత్యేక రూపీ వోస్ట్రో ఖాతాల (విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో తెరిచే రూపాయి ఖాతాల) ద్వారా సొమ్ము న్యూయార్క్ తాకకుండా వస్తుంది. అయితే అవతలి రష్యా బ్యాంకు ఆంక్షల జాబితాలో ఉంటే మీ బ్యాంకు అప్పుడూ వెనకాడవచ్చు. కాబట్టి ఆ బ్యాంకు పేరు కంటైనర్ కదలకముందే చెప్పి, ఒప్పుకుంటారో లేదో రాతలో తీసుకోండి.